గొర్రె చూలు కట్టిందా లేదా: రంగు గుర్తా, స్కానింగా?

పొట్టేలు రొమ్ముకు కావిని వంటనూనెలో ముద్దగా కలిపి రెండు మూడు రోజులకోసారి పూస్తే, అది ఎక్కిన గొర్రె నడుము మీద ఎర్రగా అంటుతుంది. గొర్రె ఎద చక్రం 16-17 రోజులు. అందుకే పొట్టేలును మందలో వదిలిన 16వ రోజున ముదురు రంగుకు మార్చాలి. లేత రంగు మీద ముదురు పడితే ఆ గొర్రె కట్టలేదన్నమాట. పొట్టేలు లేనిదే గొర్రె ఎద పైకి కనిపించదు కనుక, వట్టి కంటితో కనిపెట్టడం నమ్మదగ్గది కాదు.

దీనికి ఖర్చు లేదు గానీ ఒక లోపం ఉంది. పొట్టేలు ఎక్కిన 12-13వ రోజుకల్లా పిండం పంపే సంకేతం అందితేనే గర్భాశయం అండాశయంలోని పచ్చదేహాన్ని (గర్భాన్ని నిలిపే హార్మోన్ ఇచ్చే భాగాన్ని) కరిగించకుండా ఉంటుంది. ఆ తర్వాత పిండం చనిపోతే గొర్రె ఆలస్యంగా, 25-30 రోజులకు ఎదకొస్తుంది. గడువులో రాలేదు కదా, చూడిదే అనుకుంటే అక్కడే మోసపోతాం. గొర్రెలు ఎదకొచ్చే కాలం దాటిపోతే కట్టనిదానికీ మళ్లీ రంగు పడదు, అప్పుడూ లెక్క తప్పుతుంది.

స్కానింగ్ పిండాన్నే చూపిస్తుంది. పొట్ట మీదుగా చేసేదానికి పొట్టేలు ఎక్కిన 45-90 రోజుల మధ్య అనువైన సమయం. కవలలు తెలిసేది అప్పుడే. ముందురోజు రాత్రి మేత ఆపి, పొదుగు పక్కన ఉన్ని లేని చర్మానికి జెల్ రాసి ప్రోబ్ (స్కానింగ్ యంత్రపు చేతి పరికరం) ఆనించాలి. 30 రోజులకే చేయిస్తే కట్టినదీ ఖాళీగా కనిపించవచ్చు. నిండిన మూత్రాశయాన్ని గర్భమని పొరబడే ప్రమాదమూ ఉంది.

చిన్న మందకు రంగు చాలు. కవలల తల్లులకు చివరి ఆరు వారాలు దాణా పెంచాలనుకునేవారు మాత్రం స్కానింగ్ తప్పక చేయించాలి. ఏ పద్ధతైనా, పొట్టేలు ఎక్కిన తొలి నెలలో గొర్రెల్ని తరమకండి, దూరం తోలకండి. పిండం గర్భాశయానికి అతుక్కునేది ఆ రోజుల్లోనే.