ఓనర్ డాలస్‌లో, లెక్కలు చెత్తబుట్టలో: గూగుల్ షీట్స్‌తో మా అపార్ట్‌మెంట్ ఐదేళ్లు

గూగుల్ షీట్స్‌లో కూడికలు ఎలా వేయాలో, గడులకు రంగులు ఎలా పూయాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నేను ఆ జోలికి పోను. పైన కుడిచేతి మూల ఉండే షేర్ బటన్ గురించి, అది నొక్కితే వచ్చే పేర్ల జాబితాలో ఒక్కరి పక్కన మాత్రమే కనిపించే ‘ఓనర్’ అనే చిన్న మాట గురించి రాస్తాను. మూడేళ్లపాటు నేను ఆ మాట వైపు కన్నెత్తి చూడలేదు.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2020 లాక్‌డౌన్‌లో రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగే వీలు లేకపోయింది. అప్పటి సెక్రటరీ 204లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఒక సాయంత్రం కూర్చుని ఈ షీట్ తయారుచేసి లింకు వాట్సాప్‌లో పడేశాడు. మెయింటెనెన్స్‌కి ఒక ట్యాబ్, నీళ్ల ట్యాంకర్లకి ఒకటి, లిఫ్ట్, జనరేటర్ డీజిల్, వాచ్‌మన్ జీతం, కార్పస్ ఫండ్. 2021లో ట్రెజరర్ పని నాకు అంటగట్టారు. స్కూల్లో లెక్కల టీచర్ని కదా, ఇవీ లెక్కలేగా అన్నారు.

మొదట్లో నేను దీన్ని ఎంత మెచ్చుకున్నానో ఇప్పుడు తలచుకుంటే కాస్త సిగ్గేస్తుంది. 2022లో ఒకరోజు పొద్దున్నే చూస్తే 40 ఫ్లాట్ల బాకీలూ తారుమారై ఉన్నాయి. పైసా బాకీ లేని 101 వాళ్లకి 7,500, ఆరు నెలలుగా కట్టని వాళ్లకి సున్నా. ఎవరో మొత్తం పట్టిక కాకుండా బాకీల కాలమ్ ఒక్కదాన్నే ఎంచుకుని సార్ట్ కొట్టారు. పేర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, అంకెలు మాత్రం కిందికీ పైకీ జారిపోయాయి. గుండె ఆగినంత పనైంది. కానీ వెర్షన్ హిస్టరీ తెరిస్తే ముందురోజు రాత్రి షీట్ ఎలా ఉందో అలాగే కనిపించింది. రిస్టోర్ నొక్కాను, అంతా సర్దుకుంది. ఆ ఆనందంలో కనిపించినవాళ్లందరికీ చెప్పాను, ఇక మీ సంఘాల్లో కూడా పుస్తకాలు మూసేయండి, ఇందులో పోయేది ఏదీ లేదు అని. మా ఆడపడుచు వాళ్ల కాలనీ నా మాట నమ్మి మారింది కూడా.

ఆ మాటలో కొంత వెనక్కి తీసుకోవాలి. ఆ సార్ట్ ఎవరు చేశారో హిస్టరీలో పేరు లేదు. లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయవచ్చని మేమే వదిలేశాం కదా, లాగిన్ కాకుండా వచ్చినవాళ్లు ‘అనానిమస్’ కిందే లెక్క. షీట్ తెరిచి ఉన్నప్పుడు పైన వాళ్ల గుర్తులు ఏవో జంతువుల పేర్లతో వస్తాయి. ఒకసారి రాత్రి ‘అనానిమస్ కాపిబారా’ అని ఒకటి డీజిల్ ట్యాబ్‌లో చాలాసేపు తచ్చాడింది. అది ఏ ఫ్లాట్ కాపిబారానో ఈరోజు వరకూ తేలలేదు.

ఇక అసలు సంగతి. 2024 జూన్ 8, శనివారం రాత్రి 11 గంటలు. ఆ నెల బాకీల జాబితా నోటీసు బోర్డుకి తీద్దామని కంప్యూటర్‌లో షీట్ తెరిచాను. పైన ఒక పట్టీ. ఈ ఫైల్ దాని ఓనర్ ట్రాష్‌లో, అంటే చెత్తబుట్టలో ఉంది, ముందుముందు వాడుకోవాలంటే కాపీ చేసుకోండి అని దాని సారాంశం. ఓనర్ ఎవరు, ట్రాష్ ఏమిటి, నేను దేన్నీ డిలీట్ చేయలేదే అనుకుంటూ షేర్ బటన్ నొక్కాను. ఓనర్ అని 204 కుర్రాడి పేరు. నేను ఎడిటర్ని. మూడేళ్లుగా పైసా పైసా రాసింది నేను, రోజూ తెరిచేది నేను, కానీ కాగితాల ప్రకారం అది అతని సొంత ఆస్తి. అద్దె ఇంటికి సొంత డబ్బుతో టైల్స్ వేయించుకున్నట్టుంది నా పని.

ఆ కుర్రాడు అప్పటికి ఏడాదిన్నరగా డాలస్‌లో ఉంటున్నాడు. వాళ్లమ్మగారు మాత్రం ఇక్కడే 204లో ఉంటారు. ఇక్కడ రాత్రి 11 అంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. మొహమాటపడే టైమ్ కాదని ఫోన్ చేశాను.

“ఏంటి ఆంటీ, ఇంత రాత్రి? అమ్మ బానే ఉందా?”

ముందు ఆ భయం తీర్చి, తర్వాత నా భయం చెప్పాను. అతనికి గుర్తే లేదు. అడగ్గా అడగ్గా తేలింది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయింది, మెయిళ్లు రావడం ఆగిపోతాయని హెచ్చరిక వచ్చింది, పాత ఫోల్డర్లన్నీ ఒక పట్టున తుడిచేశాడు. అందులో ‘అపార్ట్‌మెంట్’ అని ఒకటి. పాత అద్దె ఒప్పందం తాలూకు కాగితాలు అనుకున్నాడట. ట్రాష్‌లో తారీఖు చూడమన్నాను. మే 13. ఇక్కడ మేమందరం ఎండలో ఓటు వేయడానికి లైన్లో నిలబడిన రోజు. ట్రాష్‌లో ఉన్నది 30 రోజులకి దానంతటదే శాశ్వతంగా పోతుంది. అప్పటికి 26 రోజులు గడిచాయి. ఆ నెల బద్ధకించి జాబితా 15వ తారీఖున తీసి ఉంటే, నాలుగేళ్ల లెక్కలు ఎవరికీ అందకుండా పోయేవి.

పాపం, అతను లైన్లో ఉండగానే రిస్టోర్ చేశాడు. నా పట్టీ మాయమైంది. ఓనర్‌షిప్ కూడా నాకు రాసిచ్చెయ్ బాబూ అన్నాను. దీనికి ఇంకో గంట పట్టింది. మామూలు జీమెయిల్ ఖాతాల్లో అతను బదిలీ నొక్కగానే మనది అయిపోదు. మనకి ఆహ్వానం మెయిల్ వస్తుంది, దాన్ని మనం ఒప్పుకోవాలి, అప్పటిదాకా పాత ఓనరే ఓనర్. మెయిల్ ఫోన్‌లో కనిపించింది, లింకు కంప్యూటర్‌లో తెరిస్తే పని చేయదు. పదిసార్లు ప్రయత్నించాక అర్థమైంది, కంప్యూటర్‌లో మా అబ్బాయి ఖాతా తెరిచి ఉంది. అది మార్చి మళ్లీ నొక్కేసరికి ఒంటిగంట దాటింది. నా పేరు పక్కన ‘ఓనర్’ అని వచ్చింది. ఫ్లాట్ రిజిస్ట్రేషన్ రోజు కూడా నేను అంత సంతోషపడలేదు.

మర్నాడు ఆ పట్టీ సంగతి లిఫ్ట్ దగ్గర చెబుతుంటే, ఐదో అంతస్తు ఆయన తాపీగా అన్నారు. “అదా? నేను పది రోజుల క్రితమే చూశానండీ. మీరు పాతది తీసేసి కొత్తది పెడుతున్నారేమో అనుకున్నా.”

ఇంతకీ తప్పు షీట్‌ది అనను. అది 30 రోజులు గడువు ఇచ్చింది, పట్టీ కట్టి మరీ చెప్పింది. ఓనర్ ఎవరని మూడేళ్లలో ఒక్కసారి కూడా చూడనిది మేమే. ఆ పట్టీ చెప్పినట్టు కాపీ చేసుకుంటే సరిపోదా అని మీరు అడగొచ్చు. ఫోన్ చేసే ముందు అదీ చేశాను. అంకెలన్నీ వచ్చాయి. కానీ కాపీకి వెర్షన్ హిస్టరీ రాదు, అది ఆరోజు పుట్టిన కొత్త బిడ్డ. ఎప్పుడు ఏ గడి ఎవరు మార్చారో తెలియని లెక్కల పుస్తకం ఆడిట్‌కి దేనికి పనికొస్తుంది? లింకు కూడా మారిపోతుంది, 40 ఇళ్లకీ మళ్లీ పంపాలి. పంపినా సగంమంది పాత లింకే నొక్కుతారు, అది వేరే బాధ.

ఓనర్ని అయ్యాక తీరిగ్గా జాబితా చదివాను. ఎడిటర్లు 23 మంది. అందులో ఏడుగురు ఎవరో నాకు తెలియదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్లు, ఒకప్పటి లిఫ్ట్ మెకానిక్, ఎవరిదో ఆఫీసు మెయిల్. ఎడిటర్ అయిన ప్రతివాళ్లూ ఇంకొకరిని చేర్చవచ్చు, మనం మార్చేదాకా సెట్టింగ్ అలాగే ఉంటుంది. షేర్ పెట్టెలో గేర్ గుర్తు నొక్కితే ఆ టిక్కు కనిపిస్తుంది, తీసేయాలి. నేను ఆరోజే మొదటిసారి చూశాను. లింకు ఉన్నవాళ్లందరినీ వ్యూయర్లు చేశాను, అంటే చూడగలరు, మార్చలేరు. జాబితాలో నన్నూ, ప్రెసిడెంట్‌గారినీ, వాచ్‌మన్ కొడుకునీ, డాలస్ కుర్రాణ్నీ తప్ప మిగతావాళ్లనీ అలాగే దించాను.

సెట్టింగ్ మార్చడానికి పట్టింది ఐదు నిమిషాలు, దాని తాలూకు ఫోన్లు వారం. ఎడిట్ అనుమతి కావాలంటూ పదకొండు మెయిళ్లు వచ్చాయి. “ఇన్నాళ్లు లేనిది ఇప్పుడేం అనుమానం మేడం, డబ్బులేమైనా తగ్గాయా?” అని ఒకరు. నిజం చెప్పాలంటే వీళ్లలో చాలామంది ఆ షీట్‌లో ఒక్క గడి కూడా ఎన్నడూ ముట్టలేదు. టెర్రస్ తాళంచెవి లాంటిది ఇది. ఎవరూ పైకి వెళ్లరు, తాళంచెవి వెనక్కి అడిగితే మాత్రం మొహం మాడ్చుకుంటారు. చివరికి కొందరికి కామెంటర్ హోదా ఇచ్చాను. రాయలేరు, పక్కన అభ్యంతరం పెట్టగలరు. మా వాళ్లకి కావాల్సింది అదేనని తర్వాత తెలిసింది. పెద్దాయన ఒకరు ప్రతి ట్యాంకర్ పక్కనా “రేటు ఎక్కువ” అని కామెంట్ పెడుతూ హాయిగా ఉన్నారు. డాలస్ కుర్రాణ్ని మాత్రం రెండు నెలలు ఎడిటర్‌గానే ఉంచాను. అర్ధరాత్రి సాయం చేసినవాణ్ని వెంటనే తీసేయడానికి చేతులు రాలేదు.

వాచ్‌మన్ కొడుకు సంగతి ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది. ఎండాకాలంలో ట్యాంకర్లు రాత్రి ఒంటిగంటకీ రెండింటికీ వస్తాయి. ఇంటర్ చదివే ఆ అబ్బాయే ఫోన్‌లో తారీఖు, టైమ్, 5,000 లీటర్లా 10,000 లీటర్లా అన్నది ఎక్కిస్తాడు. అతనికి ఆ ఒక్క ట్యాబ్ తెరిచి, మిగతావన్నీ ప్రొటెక్ట్ చేశాను. ట్యాంకర్ల ట్యాబ్‌లో కూడా రేటు కాలమ్‌కి తాళం. మొదటిరోజు వచ్చి, “మేడం, వేరేదాంట్లో నొక్కితే ఒప్పుకోవట్లేదు” అన్నాడు. అదే కావాలి నాయనా అన్నాను. నిజానికి అతనికీ అది రక్షణే. గతంలో ఏ అంకె తేడా వచ్చినా ముందు వాళ్ల నాన్న మీదికే వెళ్లేవారు. ఇప్పుడు గడి మీద రైట్ క్లిక్ కొట్టి ఎడిట్ హిస్టరీ చూపిస్తే ఎవరు మార్చారో పేరుతో సహా వస్తుంది. ఏప్రిల్‌లో ఒక ట్యాంకర్ రెండుసార్లు పడింది. చూపించమన్నారు, చూపించాను. రెండోసారి ఎక్కించింది ప్రెసిడెంట్‌గారు.

అయితే ఈ ప్రొటెక్షన్‌ని లాకర్ అనుకోకండి. అది రాయకుండా ఆపుతుంది, చూడకుండా ఆపదు. ఒక ట్యాబ్‌ని కనిపించకుండా దాచేసి, అందులో అద్దెవాళ్ల ఆధార్ వివరాలు పెట్టుకున్న సంఘం ఒకటి నాకు తెలుసు. కాపీ చేసుకున్నవాళ్లకి ఆ దాచిన ట్యాబ్ తెరుచుకుంటుంది. అలాంటివి వేరే ఫైల్‌లో, ఎవరికీ లింకు ఇవ్వకుండా పెట్టుకోవాలి.

వాడమంటానా? మాలాంటి 40 ఫ్లాట్లకి, కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక ఉన్న మనిషి ఒకరుంటే, వాడండి. నేనూ మానలేదు. కాకపోతే ప్రతి నెలా 10న ఎక్సెల్ ఫైల్‌గా దించి పెన్‌డ్రైవ్‌లో వేస్తున్నాను, ఒక ప్రింటు నోటీసు బోర్డుకి వెళ్తుంది. మా అబ్బాయి ఆఫీసులో షేర్డ్ డ్రైవ్ అని ఉందట, అందులో ఫైళ్లు మనిషివి కావు, బృందానివి. ఎవరు ఉద్యోగం మానేసినా ఫైల్ ఉంటుంది. దానికి డబ్బు కట్టాలి. వాచ్‌మన్‌కి వెయ్యి పెంచడానికి రెండు మీటింగులు పెట్టిన సంఘం మాది.

అందుకని సంఘం పేరుమీద ఒక జీమెయిల్ తెరిచి, షీట్‌ని దానికి రాసిచ్చాం. పాస్‌వర్డ్ కవర్లో పెట్టి, సీలు వేసి, ప్రెసిడెంట్‌గారి బీరువాలో పెట్టాం. రెండేళ్లు వాడకపోతే గూగుల్ ఖాతానే తీసేయవచ్చు కాబట్టి నెలకోసారి దాంతోనే లాగిన్ అవుతున్నాను. అయినప్పుడల్లా ఓటీపీ నా ఫోన్‌కే వస్తోంది. వచ్చే నెలలో నా పదవి అయిపోతుంది. చెక్కు పుస్తకం, రసీదులు, సంఘం సీలు కొత్త ట్రెజరర్‌కి అప్పగించడానికి జాబితా రాసుకున్నాను. ఆ ఫోన్ నంబరు దగ్గరే పెన్ను ఆగింది. కొత్తగా వచ్చే ఆయనకి బటన్ల ఫోను.