నాలుగేళ్లు వాయించాక మా డిజిటల్ పియానో: చాపు తాళం దగ్గరే వచ్చింది చిక్కు

నేను దీన్ని కొన్నదే ఆటో అకంపనిమెంట్ కోసం. మా చర్చిలో తబలా వాయించే అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఎడమచేత్తో కార్డ్ (కలిపి నొక్కే మూడు నాలుగు స్వరాలు) పట్టుకుంటే డ్రమ్స్, బేస్, గిటార్ అన్నీ అదే వాయిస్తుంటే మనిషి లోటు తీరిందనుకున్నాను. మొదటి ఆరు నెలలూ అడిగినవాళ్లందరికీ కొనమనే చెప్పాను.

అప్పుడు వాయించినవన్నీ కొత్త పాటలు, నాలుగు లెక్కలో నడిచేవి. పాత కీర్తనల సంగతి వేరు. పుస్తకంలో కీర్తన పైనే రాగం, తాళం వేసి ఉంటాయి. మిశ్రచాపు అనే చాపు తాళం అయితే ఆవర్తానికి, అంటే తాళం ఒక చుట్టుకి, ఏడు మాత్రలు (లెక్కలు), మూడూ నాలుగూగా. ఇందులో ఉన్న స్టైల్స్ (అది వాయించే అకంపనిమెంట్ నమూనాలు) అన్నీ 4/4, 3/4, 6/8, అంటే నాలుగు, మూడు, ఆరు లెక్కలవి. ఏడు లెక్కది ఒక్కటీ లేదు. నాలుగు లెక్కది పెడితే ఆవర్తానికో మాత్ర జారిపోతుంది. నాలుగు ఆవర్తాలు తిరిగితే గానీ ఎత్తుగడా డ్రమ్ దెబ్బా మళ్లీ ఒకచోట పడవు.

కిందటేడు గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఇదే జరిగింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటలు, మాటకీ మాటకీ మధ్య ఒక కీర్తన. అయిదో మాట "దప్పిగొనుచున్నాను" అయ్యాక చాపు తాళం కీర్తన ఎత్తాలి. ఇంట్లో 6/8 పెట్టి, ఏడో మాత్ర మింగేసి సాధన చేసుకున్నాను. ఒక్కణ్నే కాబట్టి కుదిరింది. మందిరంలో ముందు వరుసలో కూర్చునే మామ్మగారికి ఆ కీర్తన చిన్నప్పటి నుంచీ వచ్చు. ఆవిడ మింగలేదు. చరణం చివర ఆవిడ సాగదీసింది, సంఘం ఆవిడతో వెళ్లింది, డ్రమ్స్ వాటి దారిన అవి పోయాయి. కంగారులో పాట ముగించే ఎండింగ్ బటన్ నొక్కాను. అది వెంటనే ఆగదు కదా, రెండు బార్లు ఆర్భాటంగా వాయించి, సింబల్ (డ్రమ్స్‌లోని కంచు పళ్లెం) కొట్టి ఆగింది. ఆ రోజున, ఆ మాట తర్వాత. ఆరాధన అయ్యాక మామ్మగారు "ఉత్త పియానో వాయించు నాయనా, చాలు" అన్నారు. ఇప్పటికీ ఆ సింబల్ తలుచుకుంటే బాధేస్తుంది.

రాగం విషయంలోనూ ఇబ్బందే. సి శ్రుతిలో మోహన అంటే సి, డి, ఇ, జి, ఎ. మధ్యమం (మ, అంటే ఎఫ్), నిషాదం (ని, అంటే బి) లేవు. జి కార్డ్‌లో నిషాదం, ఎఫ్ కార్డ్‌లో మధ్యమం వస్తాయని ఆ రెండూ మానేశాను. సి ఒక్కటే పట్టుకున్నా, కొన్ని స్టైల్స్‌లో బేస్ మధ్యమం మీదుగానే నడుస్తుంది. బేస్, గిటార్ మ్యూట్ చేసి డ్రమ్స్ మాత్రం ఉంచితే కొంత నయం.

కీస్ బరువు, పియానో టోన్ గురించి అప్పుడు చెప్పింది ఇప్పుడూ చెబుతాను, బాగున్నాయి. కాకపోతే మూడేళ్లు స్ప్లిట్‌కి (కార్డ్స్ భాగం, పాట భాగం విడిపోయే కీకి) ఎడమ పక్కన కార్డ్స్ పట్టుకునే ఉండిపోవడంతో నా ఎడమచెయ్యి వేరే పని నేర్చుకోలేదు. ఏడాదిగా స్టైల్ ఆపేసి మొదటి నుంచి నేర్పుకుంటున్నాను.

ఇంట్లో ఒక్కరే వాయించుకునేవాళ్లకీ, నాలుగు లెక్క పాటలే ఎక్కువగా వాయించేవాళ్లకీ ఇది సరిపోవచ్చు. నాలాగా నలుగురు పాడేచోట, పాత కీర్తనలకి వాయించేవాళ్లు మాత్రం కొనేముందు షాపులోనే చాపు తాళం పాట ఒకటి వాయించి చూడండి. ఏడు లెక్క స్టైల్ సొంతంగా తయారు చేసుకునే వీలుందా అని కూడా అడగండి. నాదాంట్లో లేదు.