ఆరేళ్ల వాడకం తరువాత: 2ఎస్‌ఎన్ హోసులు, ఓ-రింగు ఫిట్టింగులు

నేను నడిపే హైడ్రాలిక్ ప్రెస్ 180 బార్ల పీడనంతో పనిచేస్తుంది. ఆరేళ్ల క్రితం హోసులన్నీ మార్చవలసి వచ్చినప్పుడు, ఒకే తీగ అల్లిక ఉన్న 1ఎస్‌ఎన్ రకం అర అంగుళంలో 160 బార్లకే పరిమితం కనుక దానిని పక్కనపెట్టి, రెండు అల్లికలతో 275 బార్ల వరకు పనికొచ్చే 2ఎస్‌ఎన్ రకాన్ని తీసుకున్నాను. పగిలే పీడనం దీనికి నాలుగు రెట్లన్న మాట నిజమే గాని, ఆ మిగులు వాడుకోవడానికి కాదు. వాల్వు టక్కున మూసుకున్నప్పుడల్లా వచ్చే పోట్లను కాచేది అదే.

ఈ ఆరేళ్లలో ఏ గొట్టమూ మధ్యలో పగలలేదు. చెడిన రెండూ ఫిట్టింగు దగ్గరే చెడ్డాయి, రెండింటికీ కారకుణ్ణి నేనే. ఈ హోసుకు వంపు వ్యాసార్ధం కనీసం 180 మి.మీ. ఉండాలి, సిలిండరు వెనుక అంత చోటు లేక ఫిట్టింగు మెడ దగ్గరే వంచాను. ఏడాదిన్నరకే పై రబ్బరు పగిలి, తీగ తుప్పుపట్టి, నూనె చెమర్చసాగింది. అక్కడ 90 డిగ్రీల ఎల్బో పెట్టి, ఇంకా చిన్న వంపు తిరగగల 2ఎస్‌సి రకం వేశాక మళ్లీ ముట్టుకోవలసిన అవసరం రాలేదు. రెండోదానిని సరిగ్గా కొలతకే కోయించాను. పీడనం ఎక్కినప్పుడు హోసు 4 శాతం దాకా పొట్టిపడవచ్చు కనుక ఆ లాగుడంతా క్రింపు మీద, అంటే ఫిట్టింగును హోసుకు నొక్కి బిగించిన చోట పడింది.

పాత ఫిట్టింగులలో బీఎస్‌పీ (బ్రిటిష్), ఎన్‌పీటీ (అమెరికన్) అనే రెండు రకాల పైపు మరలు కలగలిసి ఉండేవి. అర అంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 మరచుట్లే కావడం వల్ల ఒకటి మరొకదానిలోకి కొంత ఎక్కి, సరిపోయినట్టే మోసం చేస్తుంది. కాని మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు, రెండోదానికి 60. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా లీకు ఆగలేదు సరికదా, దాని పీలికలు వాల్వులోకి చేరాయి. తరచూ విప్పే చోట్ల ఇప్పుడు చదునైన ముఖంలో ఓ-రింగు కూర్చునే ఫిట్టింగులే ఉన్నాయి. తలకిందులుగా బిగించేటప్పుడు రింగు గాడిలోంచి జారిపడి విసిగిస్తుంది, కాస్త గ్రీజు రాస్తే నిలుస్తుంది.

నేను వాడేది ఖనిజ నూనె కనుక నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు లోపలి పొర సరిపోయింది. సులువుగా నిప్పంటుకోని ఫాస్ఫేట్ ఎస్టర్ హైడ్రాలిక్ ద్రవానికి అది పనికిరాదు. ట్యాంకు నుంచి పంపు నూనె పీల్చుకునే సక్షన్ లైనుకు మాత్రం, శూన్యానికి నొక్కుకుపోకుండా లోపల చుట్టతీగ ఉన్న ఆర్4 రకాన్నే వేశాను. అది ఇంకా మొదటినాటిదే.