లింక్డిన్‌లో రెండేళ్లు: ఒక వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్ రివ్యూ

నాది వాటర్‌ప్రూఫింగ్ పని. టైల్స్ వేసినవాడి పనితనం ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చూస్తారు. మాది ఆ టైల్స్ కింద ఉంటుంది. బాగా చేస్తే ఎవరూ తలుచుకోరు, చెడిందంటే రాత్రి పదింటికైనా ఫోనొస్తుంది. ఇలా కనపడకుండా పోయే పని చేసేవాడు ఆన్‌లైన్‌లో ఏం చూపించుకుంటాడు? లింక్డిన్ వాడబట్టి రెండేళ్లయింది కాబట్టి రాస్తున్నాను.

అంతకుముందు లీడ్స్, అంటే పని కావాలని అడిగినవాళ్ల నంబర్లు, అమ్మే ఒక సైటుకి ఏడాదిపాటు డబ్బు కట్టాను. పేరెందుకులెండి. వాళ్లిచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే అవతలాయన "బాత్రూమ్ కారుతోందని ఒక్కసారి అడిగిన పాపానికి పొద్దుట్నుంచి మీరు ఆరోవారండీ" అని కసిరాడు. ఆయన కోపం న్యాయమే. ఒకే ఎంక్వైరీని ఆరుగురికి అమ్మితే తక్కువ రేటు చెప్పినవాడికే పని దక్కుతుంది. మా పనిలో రేటు మరీ తగ్గిందంటే ఎక్కడో ఒక కోటు ఎగ్గొట్టారనే.

లింక్డిన్ పెట్టించింది మా మేనల్లుడు. "అది ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లది కదరా" అన్నాను. "నీకు పనులిచ్చే ఇంజినీర్లు ఉద్యోగులు కారా మామయ్యా?" అన్నాడు. నిజమే. 2003 నుంచి నడుస్తున్న సైటు, అందులో ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో, ఇదివరకు ఎక్కడ చేశారో వాళ్లే రాసిపెట్టుకుంటారు. ఏ ఆర్కిటెక్ట్ ఆఫీసులో డీటెయిల్స్ గీసేది ఎవరో తెలుసుకోవడానికి నేను పాత రోజుల్లో రిసెప్షన్‌లో గంటలు గంటలు కూర్చున్నాను.

పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌లో 220 అక్షరాలు పడతాయి. వాడు అక్కడ "ప్యాషనేట్ బిల్డింగ్ సొల్యూషన్స్ లీడర్" అని కొట్టాడు. అది చదివితే నేనేం చేస్తానో నాకే అర్థం కాలేదు. తీసేసి "బేస్‌మెంట్లు, టెర్రస్‌లు, నీళ్ల ట్యాంకులు: లీకేజీ పనులు" అని పెట్టాను. కంపెనీ పేజీ కూడా తెరిచాం, లోగో రంగు గురించి వారం రోజులు తగువులాడుకున్నాం. తీరా చూస్తే పేజీ తనంతట తాను ఎవరికీ కనెక్షన్ రిక్వెస్ట్ (పరిచయం కలుపుకుందామనే కబురు) పంపే వీల్లేదు. పలకరించాల్సింది మన సొంత ప్రొఫైల్ నుంచే.

మొదటి ఆరు నెలలూ పని పూర్తయిన టెర్రస్‌ల ఫొటోలు పెట్టాను. తళతళా మెరిసేవి. లైకులు బాగానే వచ్చాయి, కాకపోతే కొట్టినవాళ్లలో సగంమంది మెటీరియల్ అమ్మేవాళ్లు, మిగతా సగం నాలాంటి కాంట్రాక్టర్లు.

తర్వాత ఒక టెర్రస్ మీద నీళ్లు కట్టి టెస్ట్ చేశాం. డ్రెయిన్ నోళ్లు బిగించి, నీళ్లు నింపి, పిట్టగోడ మీద నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీసి, పక్కన టైము రాస్తాం. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో కూడా నీళ్లు పోసి, దానికీ గీత పెట్టి అక్కడే ఉంచుతాం. 48 గంటలయ్యాక చూస్తే టబ్బులో ఎంత తగ్గిందో టెర్రస్ మీద అంతకంటే బాగా ఎక్కువ తగ్గింది. కిందికెళ్లి చూస్తే స్లాబ్ అడుగున, పైపు చుట్టూ, చేతి గాజంత తడి మచ్చ. మాదే తప్పు. పైపు చుట్టూ గ్రౌట్ (సందులు పూడ్చే మిశ్రమం) మావాళ్లు సరిగా కూరలేదు, నేను చూసుకోలేదు. తవ్వి, మళ్లీ కూరి, మళ్లీ నీళ్లు కట్టాం. ఓనరుగారినడిగి సుద్దగీత, తడి మచ్చ, రెండో టెస్ట్ తర్వాత పొడిగా ఉన్న అదే చోటు, మూడు ఫొటోలూ జరిగింది జరిగినట్టు రాసి పెట్టాను. "మన తప్పు మనమే చాటుకుంటామా?" అని మేనల్లుడు మొత్తుకున్నాడు.

ఆ పోస్టుకి లైకులు పద్నాలుగు. కానీ ముక్కూమొహం తెలియని ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుగారు "టబ్బు ఎందుకండీ?" అని అడిగారు. ఎండకి ఆవిరైపోయేది ఎంతో, కారిపోయేది ఎంతో విడిగా తెలియడానికండీ అన్నాను. మా ఇద్దరికీ ఉమ్మడి కనెక్షన్ ఒకాయన ఉన్నాడు, ఎప్పుడో ఒక సైటులో నాతో పనిచేసిన సూపర్‌వైజర్. ఇంజినీరుగారు ఆయనకి ఫోన్ చేసి నా గురించి వాకబు చేశారట. నాలుగు నెలల తర్వాత మెసేజ్: "బేస్‌మెంట్ డ్రాయింగ్ ఇంకా ఫైనల్ చేయలేదు, జాయింట్ల దగ్గర ఒకసారి చూస్తారా?"

ఈ వృత్తిలో ఉన్నవారికి ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. గోడ జాయింట్‌లో వాటర్‌స్టాప్, అంటే నీళ్లు రాకుండా అడ్డుకునే పట్టీ, పెట్టాలంటే కాంక్రీట్ పోయకముందే పెట్టాలి. మమ్మల్ని మామూలుగా పిలిచేది పోసేశాక, గోడ కారడం మొదలయ్యాక. అప్పుడు గోడకి డ్రిల్ చేసి, కారే చోట్ల లీకు మూసే మందు ఇంజెక్షన్ కొట్టడం తప్ప దారుండదు.

ఆ సూపర్‌వైజర్‌తో నాకు స్నేహమేమీ లేదు, ముఖపరిచయమంతే. కొత్త అవకాశాల కబుర్లు దగ్గరివాళ్లకన్నా ఇలాంటివాళ్ల దగ్గర్నుంచే ఎక్కువ వస్తాయని మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లోనే రాశాడని మేనల్లుడు చెప్పాడు. అప్పట్నుంచి పాత సైట్లలో కలిసి పనిచేసినవాళ్లని గుర్తుతెచ్చుకుని ఒక్కొక్కరినే కలుపుకుంటున్నాను. రిక్వెస్ట్‌తో పాటు ఏ సైటులో కలిశామో ఒక ముక్క రాస్తాను. ఉచిత ఖాతాలో నెలకి కొన్ని రిక్వెస్టులకే అలా రాసే వీలుంది, అందుకని చూసి వాడుకోవాలి.

కనెక్షన్ల పరిమితి 30,000. నాకున్నవి మూడొందల చిల్లర, మాటామంతీ ఉన్నది ముప్ఫై మందితో. డబ్బు కట్టి తీసుకునే ప్రీమియం ఖాతా మన స్థాయికి అక్కర్లేదనే నా అభిప్రాయం, తెలియనివాళ్లకి మెసేజ్‌లు పంపే సౌకర్యంతో మా పని కదలదు. పేరు పక్కన వెరిఫైడ్ గుర్తు చూసి మురిసిపోకండి. మనిషి ఎవరో, ఎక్కడ పనిచేస్తాడో తెలుస్తుందేమో గానీ బిల్లు టైముకి ఇస్తాడో లేదో తెలియదు. వెండర్ రిజిస్ట్రేషన్‌కి, అంటే తమ కాంట్రాక్టర్ల జాబితాలో పేరు ఎక్కించడానికి, ముందే ఫీజు కట్టమన్నవాడికి జవాబే ఇవ్వొద్దు. ఇక ఫీడ్ అంటారా, అవార్డులు, అభినందనలు. ఆదివారం అరగంట కేటాయించి, వచ్చిన మెసేజ్‌లకి జవాబులిచ్చి మూసేస్తాను.

నేనిచ్చే మార్కులు ఐదుకి మూడున్నర. ఇంజినీర్లు, ఆర్కిటెక్టుల ద్వారా పనులు పట్టేవారికి ఇది. ఇల్లుగలవారితో నేరుగా పనిచేసే చిన్న రిపేర్లవారైతే రెండు చాలు, వాళ్ల కస్టమర్లు అక్కడ లీకేజీ గురించి వెతకరు.