‘లెవియాథన్’ బ్లూరే అని డబ్బు తీసుకుని కాపీ డీవీడీ పంపాడు, జాగ్రత్త

నిన్న సాయంత్రం కొరియర్ వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు. 3,200 రూపాయలు తీసుకుని, అమెరికా ఒరిజినల్ బ్లూరే (డీవీడీ కన్నా బొమ్మ చాలా స్పష్టంగా ఉండే డిస్కు) అని చెప్పి, ఇంట్లో కాపీ చేసిన డీవీడీ పంపాడు. అమ్మినవాడి పేరు పెట్టను. పాత ఇంగ్లీషు హారర్ డిస్కులు కొనేవాళ్లకి ఎవరో ఈపాటికే అర్థమై ఉంటుంది, మనలో చాలామందిమి అతని దగ్గర కొన్నవాళ్లమే.

ఈ సినిమా నేను పదో తరగతిలో గుంటూరులో అద్దె క్యాసెట్‌లో చూశాను. 1989లో సముద్రం అడుగున జరిగే కథలు వరసగా వచ్చాయి. జనవరిలో ‘డీప్‌స్టార్ సిక్స్’, మార్చిలో ఇది, ఆగస్టులో ‘ది అబిస్’. నాకు మాత్రం ఇదే ప్రాణం. రోబోకాప్ వేసిన పీటర్ వెల్లర్ హీరో, జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం. మునిగిపోయిన రష్యా ఓడలో దొరికిన వోడ్కా తాగినవాడి ఒళ్లు మారిపోవడం, ఆ రాక్షసిని స్టాన్ విన్‌స్టన్ బృందం చేతులతో తయారుచేయడం. 2014లో స్క్రీమ్ ఫ్యాక్టరీ అనే అమెరికా డిస్కుల కంపెనీ వేసిన బ్లూరేలో ఆ రాక్షసి తయారీ మీద ఒక డాక్యుమెంటరీ, ఇందులో నటించిన ఎర్నీ హడ్సన్, హెక్టర్ ఎలిజోండోల ఇంటర్వ్యూలు ఉన్నాయి. నేను కొన్నదే వాటి కోసం. అమెరికా డిస్కులు రీజియన్ ఏ, మనది సీ, ఒక రీజియన్ డిస్కు మామూలుగా ఇంకో రీజియన్ ప్లేయర్‌లో ఆడదు. అందుకే అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కూడా ముందే తెచ్చిపెట్టుకున్నాను.

డబ్బు పంపేముందు ఒక్కటే అడిగాను. "తమ్ముడూ, డిస్కు వెనకవైపు ఫొటో ఒకటి పెట్టవా" అని. రెండు గంటలు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేశాడు. "ఏంటన్నా, ఇన్నేళ్లుగా అమ్ముతున్నా, నన్నే అనుమానిస్తున్నారా? నమ్మకం లేకపోతే వదిలేయండి" అన్నాడు. గొంతులో నిజంగా బాధ వినిపించింది. అయ్యో, అనవసరంగా నొప్పించానే అనిపించి నేనే సారీ చెప్పాను. ఫోన్ పెట్టగానే యూపీఐలో మొత్తం పంపేశాను. ఆ సారీ తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది.

పెట్టె బ్లూరేలకి ఉండే నీలం రంగుదే. అట్ట మీద అక్షరాలు మాత్రం అంచుల్లో అలుక్కుపోయి ఉన్నాయి. డిస్కు మీద ముద్ర లేదు, గుండ్రంగా కత్తిరించిన కాగితం స్టిక్కర్ అంటించాడు. ఒక పక్క గాలి బుడగ కూడా ఉంది. తిప్పి చూస్తే ఇంట్లో కాపీ చేసే డిస్కుల్లా అడుగు ఊదా రంగు, సినిమా ఎక్కించినంత మేర ఒక వలయం, మిగతాది ఖాళీ. అయినా ఆశ చావక ప్లేయర్‌లో పెట్టాను. ముందు అద్దం మీద ‘డీవీడీ’ అని పడింది. మెనూ లేదు, డాక్యుమెంటరీ లేదు, ఇంటర్వ్యూలు లేవు. నేరుగా సినిమా మొదలైంది. ఇలాంటి సినిమాలో సగం చీకటే కదా. టార్చిలైట్ల వెలుగులో ఓడ లోపలికి వెళ్లే చోట నీళ్లన్నీ నల్లటి చదరాలుగా విరిగిపోయాయి. ఎక్కడ గోడ, ఎక్కడ మనిషి తెలియలేదు. మా క్యాసెట్ నయం.

ఫోన్ చేశాను. మొదట "బొమ్మ పడుతోంది కదన్నా, ఇంకేం కావాలి" అన్నాడు. ఒరిజినల్ అన్నావు కదా అని గట్టిగా అడిగేసరికి గొంతు మారిపోయింది. "ఈ వయసులో ఈ దెయ్యం సినిమాలేంటండీ మీకు. పిల్లలకేమైనా కొనిపెట్టుకోండి" అన్నాడు. పదేళ్లుగా ఇవే సినిమాలు నాకు అమ్మిన మనిషి! స్పీకర్‌లో ఉంది ఫోన్, మా అబ్బాయి పక్కనే కూర్చుని ఉన్నాడు. వాడు తల దించుకున్నాడు. 3,200 పోతే పోయింది, ఆ మాట నన్ను వదలడం లేదు. నేను బదులు చెప్పేలోపే కట్ చేశాడు. మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్.

తప్పు నాది కూడా ఉంది. పార్సిల్ విప్పుతూ వీడియో తీయలేదు. ఫొటో అడిగినవాడిని ఆ మాట మీద నిలబడలేదు. పొద్దున సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ట్రాన్సాక్షన్ నంబర్ దగ్గర పెట్టుకుంటే త్వరగా అవుతుంది.

కొనేవాళ్లు డిస్కు వెనకవైపు ఫొటో తప్పకుండా అడగండి. కంపెనీ డిస్కు అయితే లోపలి వలయం దగ్గర అచ్చులో పడిన సన్నటి అంకెలు, అక్షరాలు ఉంటాయి. ఇవ్వనంటే కొనకండి. అతని దగ్గర ఈమధ్య ఎవరైనా కొని ఉంటే ఈ రాత్రే పెట్టె తెరిచి డిస్కు తిప్పి చూసుకోండి.