హాస్టల్‌కి సామాను: ఇంటి నుంచి మోయడమా, వెళ్ళాక కొనడమా, ఏది మేలు?

ప్లస్ టూ అయిపోయి ఎక్కడో సీటొచ్చిందంటే మా వైపు ఇళ్ళల్లో మొదలయ్యే గొడవ ఒకటే. అమ్మ ఇంట్లో ఉన్నవన్నీ కట్టి పంపేద్దామంటుంది, నాన్నగారేమో "అన్నీ అక్కడే దొరుకుతాయి, ఇవన్నీ ఏటి మోస్తాం" అంటారు. ఎవరి మాట వినాలన్నది హాస్టల్ కొండ మీదుందా, సముద్రం ఒడ్డునుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నెట్‌లో దొరికే లిస్టులు ఈ ముక్క చెప్పవు, బెంగళూరు పిల్లాడికీ మన పిల్లలకీ ఒకటే లిస్టు ఇచ్చేస్తాయి.

మా వైపంటే దక్షిణ ఒడిశా. ఇక్కడి బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పిల్లలు వెళ్ళేది ఎక్కువగా రెండు దిక్కులకి. ఒకటి కోస్తా: విశాఖ, భువనేశ్వర్, లేకపోతే బరంపురంలోనే. రెండోది కొండ: కోరాపుట్, సునాబెడ. సెంట్రల్ యూనివర్సిటీ 2009లో కోరాపుట్ జిల్లాకి వచ్చాక ఈ రెండో దిక్కుకి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. సునాబెడ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. బరంపురంలో సన్న దుప్పటి కప్పుకుని పడుకునే రోజుల్లో అక్కడ రెండు రగ్గులు కావాలి.

ముందు పెట్టె సంగతి తేల్చేద్దాం, ఎక్కువ వాదన దాని మీదే కాబట్టి. ట్రంకు పెట్టా, ట్రాలీ సూట్‌కేసా? నేను ట్రంకు వైపే, నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ట్రాలీకి చక్రాలున్నాయి నిజమే, కానీ అవి తిరిగేది ప్లాట్‌ఫారం మీదే, హాస్టల్ మెట్ల దగ్గరికొచ్చేసరికి దాన్నీ చేత్తో ఎత్తాల్సిందే. తర్వాత నాలుగేళ్ళూ అది మంచం కింద ఉంటుంది. అక్కడ తడిగుడ్డతో నేల తుడుస్తారు, ఎలుకలు తిరుగుతాయి, వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి. గుడ్డ ట్రాలీ అయితే రెండు నెలల్లో బూజు వాసన పట్టి, అందులోంచి తీసిన చొక్కా వేసుకోబుద్ధి కాదు. రేకు పెట్టెకి ఆ బాధ లేదు, పైగా మంచి తాళం పడుతుంది, కుర్చీ లేనప్పుడు దాని మీదే కూర్చోవచ్చు. దసరాకి ఇంటికొచ్చేటప్పుడు ట్రాలీ అయినా ట్రంకైనా లాక్కురారు కదా, భుజానికి బ్యాగు తగిలించుకుని వచ్చేస్తారు. అలాంటప్పుడు చక్రాలకి డబ్బు పెట్టడం ఎందుకు?

అయితే ట్రంకు కొనేముందు రెండు కొలతలు చూసుకోండి. రైల్లో పెట్టెని మనతో పాటే తీసుకెళ్ళాలంటే స్లీపర్ క్లాసులో 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు. థర్డ్ ఏసీలో అయితే ఇంకా తక్కువ, 55, 45, 22.5. బరువు రెండిట్లోనూ 40 కిలోల వరకు ఉచితం. రెండో కొలత, హాస్టల్ మంచం కింద ఎంత జాగా ఉందన్నది. అక్కడున్న సీనియర్‌ని ఎవరినైనా అడిగితే టేపు పెట్టి చెప్పేస్తారు. 25 సెంటీమీటర్లంటే సుమారు పదంగుళాలు కాబట్టి ఆ ఎత్తు పెట్టె స్లీపర్ క్లాసులోనూ, మామూలుగా మంచం కిందా పట్టేస్తుంది. బజార్లో పన్నెండు, పద్నాలుగు అంగుళాలవి చూపించి "ఎక్కువ పడతాయి బాబూ" అంటారు, ఒప్పుకోకండి. కోస్తాలో ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది కనుక లోపల అడుగున ఒక ప్లాస్టిక్ షీటు పరిస్తే బట్టలకి మరక అంటదు. ఒక్క సందర్భంలో ట్రాలీయే మేలంటాను: ఏడాదికోసారి రూము ఖాళీ చేయించి సామానంతా పట్టుకెళ్ళమనే హాస్టల్ అయితే.

పరుపు మాత్రం మోయకండి. హాస్టల్ మంచాలు ఎక్కువగా ఆరడుగులకి మూడడుగులు, ఇంట్లో పరుపు వాటి మీద సరిగ్గా కూర్చోదు. బకెట్టు, మగ్గు, చీపురు, హేంగర్లు కూడా అంతే, వెళ్ళిన రోజు సాయంత్రమే దగ్గర బజార్లో కొనేయండి.

రగ్గు దగ్గర ఒక మెలిక ఉంది. కొండ మీద చలి నిజంగా మొదలయ్యేది దసరా, దీపావళి దాటాకే. జూలైలోనో ఆగస్టులోనో చేరినప్పుడు అక్కడ ఉండేది వాన, ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్లు పడే చోటది. కాబట్టి మొదటిసారి వెళ్ళేటప్పుడు రగ్గులు, స్వెటర్లు వద్దు, దసరా సెలవులకి ఇంటికొచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళండి. నాన్నమ్మ పాత చీరలతో కుట్టిన బొంత పంపిస్తానంటుంది. కోస్తా హాస్టల్‌కైతే దాన్ని మించింది లేదు. సునాబెడకి మాత్రం వద్దు, ఒకసారి తడిస్తే ఆ ముసుర్లో ఎప్పటికి ఆరుతుందో. అదే కారణంతో జీన్స్ ప్యాంట్లు కూడా తగ్గించి, పల్చటి ట్రాక్ ప్యాంట్లు పెట్టుకోండి.

దోమల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. లిక్విడ్ మెషినా, దోమతెరా అంటే దోమతెరే, అదీ ఇంటి నుంచే. కోరాపుట్, రాయగడ, మల్కనగిరి జిల్లాలు మలేరియాకి పేరుపడ్డవి, అందులో ఫాల్సిపారం రకం మెదడు దాకా పోగలదు. ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ అని ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే పెట్టి, మారుమూల ఊళ్ళల్లో పరీక్షలు, మందు పట్టించిన తెరలు అంటూ తిరిగింది. మలేరియా దోమ కుట్టేది రాత్రి పడుకున్నాకే. అర్ధరాత్రి కరెంటు పోతే మెషిను ఆగిపోతుంది, తెరకి ఆ గొడవ లేదు. గొడుగులా విచ్చుకునే తెరల కంటే నాలుగు మూలలకి తాళ్ళు కట్టేది, ఒంటి మంచం సైజుది తీసుకోండి, అంచులు పరుపు కిందకి దోపడానికి వీలుగా ఉంటుంది. మంచానికి కర్రలు ఉండవు కాబట్టి నాలుగు మేకులు, పది మీటర్ల నైలాను తాడు ట్రంకులో పడేయండి. ఇంతా చేసి పగలు చదువుకుంటూ కాళ్ళు బయట పెట్టి కూర్చుంటే డెంగీ దోమ కుడుతుంది, అది పగటి దోమ, దానికి ఒంటికి రాసుకునే క్రీమే దిక్కు.

ఇక కరెంటు సామాన్లు. ఇండక్షన్ పొయ్యి చాలా హాస్టళ్ళలో ఒప్పుకోరు, నీళ్ళు కాచే రాడ్డూ అంతే. కెటిల్‌ని చూసీ చూడనట్టు వదిలేసే చోట కూడా పెద్దది వద్దు. రూములో ఉండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, 230 వోల్టుల లెక్కన 1,380 వాట్ల వరకే దాని శక్తి. ఒకటిన్నర లీటరు కెటిళ్ళు సాధారణంగా 1,500 వాట్లు లాగుతాయి. ముగ్గురు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలిస్తే ఫ్యూజు పోతుంది, తర్వాత వార్డెన్ గారు వస్తారు. 600 వాట్ల చిన్న కెటిల్ చాలు, టీకీ మ్యాగీకీ అది సరిపోతుంది. అక్టోబరులో తుపాన్లు తగిలే కోస్తా హాస్టళ్ళకైతే పవర్ బ్యాంకు తప్పనిసరి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళున్నాయి.

ఆవకాయా, పొడులా? ఇక్కడ ఇంట్లో యుద్ధాలే జరుగుతాయి. మెస్సులో రోజూ ఉప్పుడు బియ్యం అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) అయితే మనవాళ్ళకి నాలుక చచ్చిపోతుంది, ఏదో ఒకటి ఉండాల్సిందే. అమ్మల ఓటు ఆవకాయకే. నా ఓటు కందిపొడికి, కరివేపాకు కారానికి. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రైలు రాత్రి బరంపురంలో ఎక్కితే విజయనగరం, రాయగడ మీదుగా తిరిగి మర్నాడు పొద్దున కోరాపుట్‌లో దించుతుంది. ఆ కుదుపులకి ఎంత గట్టి మూతైనా నూనె కక్కుతుంది, మూత కింద పాలిథిన్ కవరు వేసి రబ్బరు బ్యాండు బిగించినా సరే, అంచు వెంబడి ఎర్రటి గీత దిగి కింద చొక్కాల్ని పట్టుకుంటుంది. పైగా జాడీలోకి ఎవడో తడి గరిటె పెడతాడు, వారంలో బూజు. పొడి కారదు, నెయ్యి లేకపోతే పచ్చి నూనెతో కూడా నడుస్తుంది. ఆవకాయ పంపకపోతే అమ్మకి నిద్ర పట్టదనుకుంటే, పావు కిలో మించకుండా, స్టీలు డబ్బాలో, చేతి సంచిలో నిలువుగా పెట్టించుకోండి.

ఆ చేతి సంచిలోనే కాగితాలు కూడా ఉండాలి, ట్రంకులో కాదు. సీఎల్‌సీ (కాలేజీ వదిలినట్టు ఇచ్చే సర్టిఫికెట్), మైగ్రేషన్ సర్టిఫికెట్, మార్కుల లిస్టు ఒరిజినళ్ళు ఒక ఫైలులో, జిరాక్సులు ఇంకో ఫైలులో, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఓ డజను. డిజీలాకర్‌లో ఉన్నాయి కదా అనుకోకండి, అడ్మిషన్ కౌంటరులో ఒరిజినలే అడుగుతారు, విశాఖ వెళ్ళాక సీఎల్‌సీ ఇంట్లో ఉండిపోయిందని తెలిస్తే దాని కోసం నాన్నగారే బండెక్కాలి. ఆ ఫైలునీ ఆవకాయ డబ్బానీ మాత్రం ఒకే అరలో పెట్టకండి.