క్రిస్మస్‌కి లాండిడ్నో కోచ్ టూర్: ఊరిని కాదు, హోటల్‌ని చూసి బుక్ చేయండి

డిసెంబర్ 25న బ్రిటన్‌లో రైళ్లు నడవవు. లండన్ ట్యూబ్ (మెట్రో) ఉండదు, ఊళ్లలో బస్సులూ దాదాపు ఉండవు. 280 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు దాదాపు ఏవీ ఆ రోజు తెరవకూడదని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004లో చట్టమే చేశారు. కారు లేకపోతే ఎక్కడున్నవాళ్లు అక్కడే. అందుకే ఇంటి దగ్గర ఎక్కించుకుని, సముద్రపు ఒడ్డున ఒక హోటల్లో నాలుగు రాత్రులు ఉంచి, మళ్లీ ఇంటి దగ్గర దింపే కోచ్ (టూరిస్టు బస్సు) ప్యాకేజీలకు అక్కడ అంత గిరాకీ. సాధారణంగా 23న బయల్దేరి 27న తిరిగొస్తారు. కోచ్‌లో ఎక్కువమంది అరవై అయిదు దాటినవాళ్లే. చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది కుదరదు, పిల్లలకి తోడు దొరకదు, తోచదు. హైదరాబాద్ నుంచో రాజమండ్రి నుంచో వచ్చి బ్రిటన్‌లో కొడుకు, కూతుళ్ల దగ్గర ఉంటున్న అమ్మానాన్నలకైతే బాగానే కుదురుతుంది, కొన్ని విషయాలు ముందే తేల్చుకుంటే.

మొదట తేల్చుకోవాల్సింది హోటల్. బ్రోచర్‌లో పెద్ద అక్షరాల్లో ఊరి పేరు, అందమైన పియర్ (సముద్రంలోకి కట్టిన పొడవాటి వంతెన) బొమ్మ ఉంటాయి. కానీ ఆ అయిదు రోజుల్లో ఊళ్లో తిరిగేది చాలా తక్కువ. లాండిడ్నో ఉన్న వేల్స్ ఉత్తర తీరంలో డిసెంబర్ చివర ఉదయం ఎనిమిదిన్నరకి గానీ పొద్దు పొడవదు, సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది. 25న చాలా ప్యాకేజీల్లో కోచ్ కదలదు, డ్రైవర్‌కీ ఆ రోజు విశ్రాంతే. ఉదయం ఫలహారం, పదకొండు గంటలకి శాంటా వేషంలో ఒకాయన చిన్న కానుకలు పంచడం, ఒంటిగంటకి పెద్ద భోజనం, మూడింటికి టీవీలో రాజుగారి ప్రసంగం, ఆ తర్వాత బింగో అనే అంకెల ఆట, రాత్రి పాటలు. అన్నీ నాలుగు గోడల మధ్యే. కాబట్టి మీరు డబ్బు కట్టేది భోజనాల గదికి, లిఫ్ట్‌కి, వెచ్చదనానికి.

లాండిడ్నో సముద్రపు ఒడ్డు హోటళ్లలో ఎక్కువ భాగం విక్టోరియా కాలం నాటివి. పక్కపక్క ఇళ్లను కలిపి ఒకే హోటల్ చేసినవి చాలా ఉంటాయి. దానివల్ల ఒక ఇంటి మొదటి అంతస్తూ పక్కింటి మొదటి అంతస్తూ ఒకే ఎత్తులో ఉండవు. లిఫ్ట్ ఒక చోట ఆగుతుంది, అక్కడి నుంచి గదికి మూడు మెట్లు దిగి, అయిదు మెట్లు ఎక్కాలి. 'లిఫ్ట్ ఉందా' అని అడిగితే ఉందనే చెప్తారు, అబద్ధమూ కాదు. అడగాల్సిన ప్రశ్న వేరు: వీధి గుమ్మం నుంచి నా గది తలుపు దాకా మొత్తం ఎన్ని మెట్లు? అలాగే బాత్‌రూమ్‌లో టబ్బులోకి ఎక్కి నిలబడే షవరా, నేలమట్టంగా నడిచి వెళ్లే షవరా అన్నది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి టబ్బు అంచు దాటడం కష్టం, తడిస్తే మరీ. టాయిలెట్‌లో కాగితమే ఉంటుంది, చిన్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టెలో పడేసుకోండి.

సముద్రం కనిపించే గదికి రోజుకి, మనిషికి ఇంత అని అదనంగా తీసుకుంటారు. డిసెంబర్‌లో అది దండగ అనే మా అభిప్రాయం. వెలుగున్న గంటలు తక్కువ, పైగా గాలి నేరుగా కొట్టేది ఆ కిటికీలకే, పాత చెక్క ఫ్రేములైతే రాత్రంతా టకటకలాడతాయి. వెనకవైపు, లిఫ్ట్‌కి దగ్గరగా, పాటల హాలుకి పైన కాకుండా ఉన్న గది అడగండి. హాల్లో మైకు రాత్రి పదకొండు దాకా మోగుతుంది. బయటికి వెళ్లకుండా గదిలోనే కూర్చునే పెద్దవాళ్లున్నప్పుడు మాత్రం సముద్రం గది తీసుకోవచ్చు. కొన్ని హోటళ్లలో హీటింగ్ టైమర్ మీద నడుస్తుంది, అర్ధరాత్రి ఆగి తెల్లవారుజామున మొదలవుతుంది. అదనపు దుప్పటి, చిన్న హీటర్ చేరిన రోజే అడిగి గదిలో పెట్టించుకోవాలి, మర్నాటికి అవి అయిపోతాయి. బుక్ చేసేటప్పుడు 'డబుల్' అంటే ఒకే మంచం, 'ట్విన్' అంటే రెండు మంచాలు. ఒంటరిగా వెళ్తే సింగిల్ సప్లిమెంట్ (గది ఒక్కరే వాడుకున్నందుకు అదనపు రుసుము) పడుతుంది, అది కట్టినా దొరికేది తరచు అన్నిటికన్నా చిన్న గదే.

ఇక తిండి. మనవాళ్లకి ఎదురుదెబ్బ తగిలేది ఇక్కడే.

బ్రిటన్‌లో 'వెజిటేరియన్' అంటే గుడ్డు తింటారనే అర్థం. గుడ్డు కూడా వద్దంటే 'వీగన్' అని చెప్పాలి, కానీ అప్పుడు పాలు, వెన్న, పెరుగు కూడా మీ పళ్లెంలోంచి పోతాయి. రెండూ కాకుండా 'పాలు సరే, గుడ్డు, మాంసం, చేప, జెలటిన్, జంతువుల కొవ్వు వద్దు' అని ఒక్క వాక్యంగా ఈమెయిల్‌లో రాసి పంపించండి. కోచ్ కంపెనీకే కాదు, హోటల్‌కి కూడా నేరుగా. నవంబర్ ముగిసేలోపు పంపితే మేలు, క్రిస్మస్ భోజనానికి ముందే ఎంపికలు రాయించుకుని సరుకు తెప్పిస్తారు కాబట్టి. ఫోన్‌లో చెప్పింది వంటింటి దాకా చేరదు.

జంతువుల కొవ్వు అని ప్రత్యేకంగా ఎందుకు రాయాలంటే, అది కనపడని చోట్ల ఉంటుంది. క్రిస్మస్ పుడింగ్‌లో, మిన్స్ పై లోపలి తీపి ముద్దలో సంప్రదాయంగా వేసేది సూయెట్, అంటే గొడ్డు మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు. ఇప్పుడు నూనెలతో చేసిన సూయెట్ వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, అయినా అడగాల్సిందే. కాల్చిన బంగాళాదుంపలకు బాతు కొవ్వు, యార్క్‌షైర్ పుడింగ్‌ అనే పొంగిన పిండివంటకి గొడ్డు కొవ్వు వాడతారు. గ్రేవీ మాంసం రసంతో చేస్తారు. ట్రైఫిల్ అనే పొరల తీపి వంటకంలోని జెల్లీ జెలటిన్‌దే, అంటే జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసినదే, పైగా అడుగున కేకుని షెర్రీ అనే వైన్‌లో నానబెడతారు. వోస్టర్ సాస్‌లో చేపలుంటాయి. గొడ్డుమాంసం తినని మాంసాహారులు 25న టర్కీ కోడితో సరిపెట్టుకోవచ్చు గానీ, 26 రాత్రి మెనూలో రోస్ట్ బీఫ్ ఉండే అవకాశం ఎక్కువ. హలాల్ మాంసం కావాలనుకుంటే ముందే ఒప్పించుకుంటే తప్ప దొరకదు, అలాంటప్పుడు శాకాహార పళ్లెమే దిక్కు.

ఆ శాకాహార పళ్లెంలో వచ్చేది ఎక్కువగా నట్ రోస్ట్. జీడిపప్పు, అక్రోటు, రొట్టె పొడి కలిపి ఇటుకలా కాల్చినది. చప్పగా, పొడిగా ఉంటుంది, క్రాన్‌బెర్రీ సాస్ వేసుకుంటే దిగుతుంది. ఆవకాయ సీసా బల్ల మీద పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. బల్లలు ఆరుగురికో ఎనిమిదిమందికో వేస్తారు, పక్కాయన కాస్త రుచి చూస్తానంటాడు కూడా. సీసాని రెండు జిప్ కవర్లలో పెట్టి చేతిసంచిలోనే ఉంచండి. కోచ్ కింది అరలో పెట్టెల్ని పక్కకి పడుకోబెడతారు, నూనె మొత్తం బట్టలపాలవుతుంది.

ప్యాకేజీ హాఫ్ బోర్డ్ అయితే ఉదయం ఫలహారం, రాత్రి భోజనం మాత్రమే వాళ్లవి. రాత్రి భోజనం ఆరు, ఆరున్నరకే. తొమ్మిదింటికి తినే అలవాటున్నవాళ్లకి పదింటికి మళ్లీ ఆకలేస్తుంది, అప్పటికి వంటిల్లు మూసేస్తారు. 25 సాయంత్రం మధ్యాహ్నపు విందు బరువు కారణంగా చల్లటి బఫే పెడతారు: హామ్, పోర్క్ పై, సాండ్‌విచ్‌లు. శాకాహారికి మిగిలేది చీజ్ సాండ్‌విచ్. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ వేళలు చూసుకుని ఏదో ఒకటి వెంట ఉంచుకోవాలి. గదిలో కెటిల్ ఉంటుంది, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా, అటుకుల కప్పులు నాలుగు తీసుకెళ్తే చాలు. రైస్ కుక్కర్ మాత్రం వద్దు. ఆవిరికి గదిలోని అలారం మోగితే, హోటల్లో ఉన్న ముసలివాళ్లంతా నైట్‌డ్రెస్‌ల మీద చలిలో రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది.

ప్రయాణం దగ్గరికొస్తే, ముఖ్యమైన ప్రశ్న: మీ పికప్ పాయింట్ నుంచి అసలు కోచ్ వస్తుందా, ఫీడర్ వస్తుందా? ఫీడర్ అంటే మినీబస్సు. అది తెల్లవారకముందే మిమ్మల్ని ఎక్కించుకుని, మరో నాలుగైదు చోట్ల తిరిగి, మోటార్‌వే పక్కనో డిపోలోనో అందరినీ దింపుతుంది. అక్కడ ఊళ్లవారీగా కోచ్‌లు మారతారు. ఒక్క ఫీడర్ ఆలస్యమైనా అన్ని కోచ్‌లూ ఆగుతాయి. మూడు గంటల్లో కారులో చేరే ఊరికి ఏడెనిమిది గంటలు పట్టేది ఇలాగే. మారే చోటు మీ ఇంటికి దగ్గరైతే అక్కడే ఎక్కుతామని బుకింగ్ అప్పుడే చెప్పండి. కోచ్ మారేటప్పుడు పెట్టె మీ కళ్లముందు రెండో కోచ్‌లోకి ఎక్కిందో లేదో చూసుకోండి, మందులు మాత్రం పెట్టెలో పెట్టొద్దు. పండగ రోజు మందుల షాపులు వంతులవారీగా ఏవో కొన్నే, కొద్ది గంటలే తెరుస్తాయి.

కోచ్‌కి గంటకి 62 మైళ్లు దాటకుండా లిమిటర్ అనే పరికరం ఉంటుంది. నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవర్ 45 నిమిషాలు ఆగాలన్నది చట్టం, విసుక్కుని లాభం లేదు. లోపల టాయిలెట్ ఉంటుంది గానీ మధ్య తలుపు దగ్గర నిటారుగా ఉన్న మెట్లు దిగాలి, కదిలే బండిలో పెద్దవాళ్లు దిగకపోవడమే మంచిది. ఆగిన ప్రతిచోటా దిగి వెళ్లిరండి. ముందు తలుపు మెట్లకి పట్టుకోవడానికి కమ్మీలు బాగుంటాయి, మోకాళ్లు బాగాలేనివాళ్లకి ముందు వరసలకి అదనంగా కట్టడం నష్టం కాదు.

లాండిడ్నోకి ఓటేయడానికి కారణం నేల. గ్రేట్ ఆర్మ్, లిటిల్ ఆర్మ్ అనే రెండు కొండల మధ్య చంద్రవంకలా వంగిన ప్రొమెనాడ్, అంటే సముద్రపు ఒడ్డు నడకదారి, పూర్తిగా చదునుగా ఉంటుంది. దుకాణాలున్న మాస్టిన్ వీధి ఒక్క అడ్డవీధి దూరం. ఆ వీధిలోనే హోలీ ట్రినిటీ చర్చి ఉంది. ఆంగ్లికన్ చర్చి కాబట్టి సీఎస్ఐ సంఘాల నుంచి వెళ్లినవాళ్లకి ఆరాధన క్రమం కొత్తగా అనిపించదు. రాత్రి ఆరాధనకి వెళ్తే హోటల్ తలుపు ఎవరు తీస్తారో ముందే కనుక్కోండి, ఉదయం ఆరాధనైతే ఒంటిగంట భోజనంతో పేచీ లేకుండా సమయం చూసుకోండి. 1877లో తెరిచిన పియర్ దాదాపు 700 మీటర్లు, వేల్స్‌లో అన్నిటికన్నా పొడవైంది. తడి చెక్కల మీద కాలు జారుతుంది, గాలికి గొడుగు తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోటే నయం.

బ్రోచర్ బొమ్మల్లో కనిపించే గ్రేట్ ఆర్మ్ ట్రామ్, పైనున్న కంచుయుగపు రాగి గనులు చలికాలంలో మూసే ఉంటాయి. దగ్గర్లోని కాన్వీ ఊరి పాత కోట 24, 25, 26 తేదీల్లో తెరవరు. అంటే 26న 'కాన్వీ విహారం' అని ఉంటే గోడల్ని బయటినుంచి చూడటమే. ఖర్చులేకుండా కనిపించేవి కొండమీది కశ్మీరీ మేకలు. చలిగాలి ముదిరితే కిందికి దిగి ఇళ్ల ముందు పొదలు మేస్తాయి.

ఇలాంటి ప్యాకేజీలుండే మిగతా సముద్రపు ఊళ్లలో బ్లాక్‌పూల్ కూడా చదునే, 2020 నుంచి దీపాల అలంకరణ జనవరి మొదటి రోజుల దాకా పొడిగిస్తున్నారు. సందడి కావాలంటే అది. ఈస్ట్‌బోర్న్ ప్రశాంతం, చదును. టోర్కీ, స్కార్‌బరా అందమైనవే గానీ ఎత్తుపల్లాలు ఎక్కువ, స్కార్‌బరాలో సముద్రపు ఒడ్డు నుంచి ఊళ్లోకి ఎక్కాలంటేనే ఆయాసం.

తేదీ మీద పట్టుదల లేకపోతే ఇంకో దారి ఉంది. నవంబర్ నుంచి డిసెంబర్ మధ్య దాకా ఇవే హోటళ్లు 'టర్కీ అండ్ టిన్సెల్' పేరుతో ఉత్తుత్తి క్రిస్మస్ జరుపుతాయి. రెండో రోజు క్రిస్మస్ ముందురోజు, మూడో రోజు పండగ, నాలుగో రాత్రి కొత్త సంవత్సరం. అదే టర్కీ, అదే శాంటా, ధర చాలా తక్కువ. బయట రైళ్లు, దుకాణాలు మామూలుగా ఉంటాయి, మందుల షాపు తెరిచే ఉంటుంది. పండగ వాతావరణం చూపించాలన్నదే ఉద్దేశమైతే మేం దీన్నే చెప్తాం. చర్చికి వెళ్లేవాళ్లకి, పండగ రోజు ఒంటరిగా ఉండకూడదనుకునేవాళ్లకి మాత్రం అసలు తేదీయే కావాలి.

డబ్బు కట్టేముందు ఒకటి చూడండి. షేరింగ్స్ లాంటి పెద్ద పేరున్న కోచ్ కంపెనీ 2020 మేలో మూతపడింది. విమాన ప్యాకేజీల డబ్బుకి ఉండే అటోల్ రక్షణ విమానం లేని ప్యాకేజీకి వర్తించదు. 2018 ప్యాకేజీ నిబంధనల ప్రకారం నిర్వాహకుడు మీ డబ్బుకి బాండో, బీమానో, ట్రస్ట్ ఖాతానో చూపించాలి, అబ్టా, బాండెడ్ కోచ్ హాలిడేస్ లాంటి హామీ సంస్థల ముద్రల్లో ఏదుందో ఆ సంస్థ సైట్‌లోనే సరిచూసుకోండి. వంద పౌండ్లు దాటిన కొనుగోలు క్రెడిట్ కార్డు మీద చేస్తే అదనపు రక్షణ. ధర ఎనిమిది శాతానికి మించి పెంచితే డబ్బు వెనక్కి తీసుకుని మానుకోవచ్చు, చివరి 20 రోజుల్లో అసలు పెంచకూడదు. జనం చాలకపోతే మాత్రం ఇంత చిన్న టూర్‌ని బయల్దేరడానికి 7 రోజుల ముందు దాకా రద్దు చేసే హక్కు వాళ్లకుంటుంది. డబ్బు తిరిగిస్తారు, నష్టపరిహారం ఇవ్వరు. 23న బయల్దేరాలంటే 16 దాకా ఆ అనుమానం ఉన్నట్టే. అందుకే కనీసం ఎంతమంది కావాలో, ఇప్పటికి ఎంతమంది అయ్యారో నవంబర్‌లోనే అడగండి. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకి ఆస్పత్రిలో చేరాల్సొస్తే బిల్లు పడుతుంది, ఇండియాలో తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ డిసెంబర్ 27 దాటి ఉందో లేదో అప్పుడే చూసేయండి.